ఆటకు మన చెయ్యి ఎలా కనిపిస్తుంది?

హాల్లో టీవీ ముందు నిలబడి పిల్లలు గాలిలో చెయ్యి విసురుతారు. తెర మీద బంతి ఎగిరి నెట్ దాటుతుంది. తొడకు పట్టీ కట్టుకుని ఉన్నచోటనే పరిగెత్తితే తెర మీది బొమ్మ అడవి దారిలో పరుగు తీస్తుంది. ఇది మొదటిసారి చూసిన పెద్దవాళ్ళు దాదాపు అందరూ ఒకటే అడుగుతారు: "టీవీలో కెమెరా ఉందా? అది మనల్ని చూస్తోందా?" లేదంటే నమ్మకం కుదరదు. చూడకపోతే చెయ్యి ఎటు ఊగిందో దానికెలా తెలిసింది?

నాలుగు రోజులు ఆడినవాళ్ళు అడిగే ప్రశ్న వేరు. నిలబడి ఒళ్ళంతా కదిలించి కొట్టినా బంతి వెళ్తుంది, సోఫాలో కూలబడి మణికట్టు ఒక్కసారి విదిలించినా వెళ్తుంది. మరి ఆటకు నిజంగా ఏం తెలిసినట్టు? నా దృష్టిలో మొదటి ప్రశ్న కన్నా ఇదే లోతైనది. రెండింటికీ జవాబు ఒకే దారిలో దొరుకుతుంది.

కెమెరాతో మనిషిని చూసి ఆడించే యంత్రాలూ ఉన్నాయి. 2003లో సోనీ తెచ్చిన ఐటాయ్, 2010లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన కినెక్ట్ ఆ జాతివి. ఇక్కడ మనం చెప్పుకునేవి చేతిలో పట్టుకునేవి, ఒంటికి కట్టుకునేవి. వీటికీ పాత చరిత్రే ఉంది. 1989లో అమెరికాలో మాటెల్ కంపెనీ నింటెండో ఆటల కోసం పవర్ గ్లవ్ అనే చేతి తొడుగును అమ్మింది. దాని వేళ్ళలో, విద్యుత్తు ప్రవహించే సిరా పూసిన పట్టీలు ఉండేవి. వేలు వంచితే పట్టీ వంగి కరెంటుకు అడ్డు పెరిగేది, ఆ తేడాను బట్టి వేలు ఎంత వంగిందో తెలిసేది. చెయ్యి ఎక్కడుందో తేల్చడానికి తొడుగు మీద రెండు బుల్లి స్పీకర్లు మన చెవికి వినపడని శబ్దం చేసేవి. టీవీ చుట్టూ తగిలించిన మూడు మైకులు ఆ శబ్దం ఎంతసేపటికి చేరిందో చూసి దూరం లెక్కకట్టేవి. ఆలోచన గొప్పదే. ఆడబోతే మాత్రం గురి నిలిచేది కాదు. దానికోసమే తయారై బజారుకొచ్చిన ఆటలు రెండే.

అసలు మలుపు 2006 నవంబరులో నింటెండో వీ అనే యంత్రంతో వచ్చింది. పది కోట్లకు పైగా అమ్ముడైన యంత్రం అది. దాని రిమోట్‌ను బ్యాట్‌లా ఊపితే బ్యాట్, కత్తిలా తిప్పితే కత్తి. లోపల ఉన్నది 4 మిల్లీమీటర్ల చదరం చిప్పు. అది అర్థమైతే ఈనాటి ముంజేతి పట్టీలూ తొడ పట్టీలూ సగం అర్థమైనట్టే.

కళ్ళు మూసుకున్న ప్రయాణికుడు

విజయవాడ నుంచి గుంటూరు వెళ్ళే బస్సులో సీటు దొరకలేదనుకోండి. పైనున్న రాడ్డు పట్టుకుని నిలబడి కళ్ళు మూసుకోండి. బస్సు బయల్దేరగానే ఒళ్ళు వెనక్కి తూలుతుంది. బ్రేకు పడితే ముందుకు తూలుతుంది. బస్సు ఎడమకు తిరిగితే మనం కుడివైపు ఒరుగుతాం. కిటికీలోంచి చూడలేదు, ఎవరూ చెప్పలేదు, అయినా బస్సు ఏం చేస్తోందో ఒంటికి తెలిసిపోతూనే ఉంది. బస్సు వేగం మారింది. మన ఒళ్ళు పాత వేగంలోనే ఉండిపోవాలని చూసింది. ఆ తేడాయే తూలుడు.

చిప్పులో ఇలాంటి ప్రయాణికుడే ఒకడున్నాడు. సిలికాన్‌లో చెక్కిన అతి చిన్న దిమ్మ, దాన్ని పట్టి ఉంచే సన్నని సిలికాన్ స్ప్రింగులు. దిమ్మ అంచులకు దువ్వెన పళ్ళలాంటి పళ్ళుంటాయి. వాటి సందుల్లోకి, కదలకుండా బిగించిన మరో వరస పళ్ళు చొచ్చుకుని ఉంటాయి. రెండు వరసలూ ఒకదాన్నొకటి తాకవు. చెయ్యి విసురుగా ముందుకు వెళ్తే చిప్పు దానితోపాటు వెళ్తుంది, దిమ్మ మాత్రం కాస్త వెనకబడుతుంది. పళ్ళ మధ్య సందు ఒకవైపు తగ్గి రెండోవైపు పెరుగుతుంది. సందు మారితే ఆ పళ్ళ జత నిలవ ఉంచుకోగలిగిన విద్యుత్తు మారుతుంది. ఆ మార్పునే చిప్పు అంకె చేసి పంపుతుంది. ఇంగ్లీషులో దీని పేరు యాక్సెలరోమీటర్. మనం కుదుపుమీటరు అందాం. ముందు వెనకల కుదుపు, పక్కల కుదుపు, పైకీ కిందికీ కుదుపు, ఈ మూడింటినీ ఒకే చిప్పు విడివిడిగా చెబుతుంది.

దీన్ని ఆటల కోసం ఎవరూ కనిపెట్టలేదు. 1990ల మొదట్లో అమెరికాలోని అనలాగ్ డివైసెస్ కంపెనీ కార్ల ఎయిర్‌బ్యాగుల కోసం ఈ రకం చిప్పులను అమ్మడం మొదలుపెట్టింది. కారు దేన్నైనా గుద్దుకున్న క్షణాన్ని పట్టడం వాటి పని. కార్ల కోసం పెద్ద ఎత్తున తయారై ధర దిగాకే అవి ఆటవస్తువుల్లోకి రాగలిగాయి. వీ రిమోట్‌లో ఉన్నది ఆ కంపెనీ చిప్పే. అది భూమి లాగుడుకు సుమారు 3 రెట్ల కుదుపు వరకు కొలవగలదు. పెద్దవాళ్ళు బలంగా చెయ్యి విసిరితే అంతకు మించిపోతుంది. అప్పుడు అంకె అక్కడే ఆగిపోతుంది. చాలా గట్టిగా కొట్టారని తెలుస్తుంది గానీ ఎంత గట్టిగానో తెలియదు.

ఇక్కడొక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. నున్నటి రోడ్డు మీద బస్సు ఒకే వేగంతో తిన్నగా పోతుంటే, ఇంజను చప్పుడు కూడా వినపడకపోతే, కళ్ళు మూసుకున్న ప్రయాణికుడికి బస్సు నడుస్తోందో ఆగి ఉందో తెలియదు. కుదుపుమీటరుకూ అంతే. వేగం దానికి అందదు, వేగంలో వచ్చే మార్పే అందుతుంది. చెయ్యి ఎక్కడుంది అన్న సంగతి అసలే అందదు.

భూమి లాగుతూనే ఉంటుంది

చిక్కు ఇంకొకటుంది. కుదుపుమీటరును బల్ల మీద కదలకుండా పెట్టినా అది సున్నా చూపించదు. దిమ్మకు బరువుంది, ఆ బరువును స్ప్రింగులు మోస్తున్నాయి, కాబట్టి అవి ఎప్పుడూ కొంత సాగే ఉంటాయి. స్ప్రింగు సాగింది భూమి లాగినందుకా, ఎవరో చిప్పును పైకి ఎత్తుతున్నందుకా అన్నది దిమ్మకు తెలిసే దారి లేదు. మన ప్రయాణికుడి సంగతీ ఇంతే. ఘాట్ రోడ్డు ఎక్కుతున్న బస్సులోనూ ఒళ్ళు వెనక్కే వాలుతుంది, చదునైన రోడ్డు మీద వేగం పెంచిన బస్సులోనూ వెనక్కే వాలుతుంది. కళ్ళు మూసుకుంటే రెండింటికీ తేడా చెప్పడం కష్టం. ఇది చిప్పు చేసినవాళ్ళ లోపం అనుకోకండి. ప్రకృతి ధర్మమే అలాంటిది. 1907లో ఐన్‌స్టయిన్ ఈ విషయం మీదే ఆలోచన నిలిపి, చివరికి గురుత్వాకర్షణ గురించి కొత్త సిద్ధాంతాన్నే కట్టాడు.

దీన్ని కళ్ళారా చూడాలంటే చేతిలో ఉన్న స్మార్ట్‌ఫోను చాలు. జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్ళు తయారుచేసిన ఫైఫాక్స్ అనే ఆప్ ఉచితంగా దొరుకుతుంది. అందులో గురుత్వాన్ని కలిపి త్వరణం చూపించే పేజీ తెరవండి. ఫోనును బల్ల మీద వెల్లకిలా పెడితే మూడు గీతల్లో ఒకటి 9.8 దగ్గర నిలుస్తుంది, మిగతా రెండూ సున్నా దగ్గర ఉంటాయి. ఫోనును నిలువుగా నిలబెట్టండి. 9.8 ఆ గీతను వదిలి పక్క గీతకు చేరుతుంది. సగం వాల్చి పట్టుకుంటే రెండు గీతలూ పంచుకుంటాయి. ఇప్పుడు మెత్తటి పరుపు మీదకు అర మీటరు ఎత్తునుంచి వదలండి. పడుతున్న ఆ సెకనులో మూడోవంతు సేపు మూడు గీతలూ సున్నా దగ్గరకు వచ్చేస్తాయి, పరుపు తగలగానే పైకి ఎగబాకుతాయి. పడుతున్నప్పుడు దిమ్మా చిప్పూ కలిసే పడుతున్నాయి. స్ప్రింగులు మోయవలసిన బరువే లేదు.

9.8 ఒక గీత నుంచి ఇంకో గీతకు మారడం ఆటలకు పెద్ద వరం. పరికరం ఎటు వాలి ఉందో దానివల్లే తెలుస్తుంది. ఫోనును అడ్డంగా తిప్పితే తెర అడ్డం తిరగడం, కారు ఆటలో రిమోట్‌ను స్టీరింగులా వాల్చితే కారు తిరగడం ఈ ఒక్క ఆధారంతోనే. కాకపోతే చెయ్యి నిలకడగా ఉన్నంతసేపే ఆ వరం పనిచేస్తుంది. చెయ్యి విసురుతున్న క్షణంలో భూమి లాగుడూ చేతి విసురూ ఒకే అంకెలో కలిసిపోతాయి, దేని వాటా ఎంతో విడదీయలేం.

ఈగకు తెలిసిన కిటుకు

విడదీయాలంటే చెయ్యి ఎంత తిరిగిందో వేరే ఎవరైనా చెప్పాలి. ఆ పని చేసే చిప్పు గైరోస్కోప్, మన మాటలో మలుపుమీటరు. దాని పాత రూపం గిర్రున తిరిగే బరువైన చక్రం. ఫ్రాన్స్‌లో ఫూకో 1852లో భూమి తన చుట్టూ తాను తిరుగుతోందని చూపించడానికి దాన్ని వాడాడు, పేరు కూడా ఆయన పెట్టిందే. ముంజేతి పట్టీలో చక్రం పట్టదు. అందుకని చిప్పులో ఒక దిమ్మను సెకనుకు వేలసార్లు అటూఇటూ వణికిస్తూ ఉంచుతారు. చెయ్యి తిరగనంత కాలం దిమ్మ ఒకే గీత మీద వణుకుతుంది. చెయ్యి తిరిగిందా, వణుకుతున్న దిమ్మ పక్కకు కూడా ఊగడం మొదలుపెడుతుంది. ఎంత వేగంగా తిరిగితే పక్క ఊపు అంత ఎక్కువ. ఆ పక్క ఊపును మళ్ళీ పళ్ళ సందులతోనే కొలుస్తారు.

ఈ ఉపాయం ఈగలకూ దోమలకూ మనకన్నా ఎంతో ముందే అబ్బింది. రెక్కలున్న పురుగులు చాలావాటికి నాలుగు రెక్కలుంటే వీటికి రెండే. వెనక రెక్కల స్థానంలో చివర గుండు ఉన్న రెండు చిన్న కాడలుంటాయి. ఎగురుతున్నంతసేపూ అవి రెక్కలతో పాటు ఊగుతుంటాయి. ఈగ గాలిలో మలుపు తిరిగితే ఆ కాడలు పక్కకు వంగబోతాయి, వాటి మొదట్లోని నరాలు ఆ సంగతి పట్టేస్తాయి. కాడలు తీసేస్తే ఈగ నిలకడగా ఎగరలేదు. కొట్టబోతే చిటికెలో దిశ మార్చి తప్పించుకునే ఈగను చూసి విసుక్కుంటాం గానీ, మన ఆటల్లోని చిప్పూ అదీ ఒకే సూత్రం మీద పనిచేస్తున్నాయి.

మన లోపలా ఈ రెండు పరికరాలూ ఉన్నాయి. రెండు చెవుల లోపలి భాగంలోనూ ద్రవం నిండిన మూడేసి అర్ధవృత్తాకారపు గొట్టాలు తల తిరగడాన్ని పసిగడతాయి. వాటి పక్కనే జిగురులాంటి పొర మీద కాల్షియం కార్బొనేట్ రేణువులు కూర్చుని ఉంటాయి. తల వాలినా కుదుపు వచ్చినా వాటి బరువుకు పొర జరుగుతుంది. బస్సులో కళ్ళు మూసుకున్నా మనకు సంగతి తెలిసేది చాలావరకు వీటి పుణ్యమే. వయసు మీద పడినవాళ్ళలో ఒక్కోసారి ఈ రేణువులు చోటు తప్పి గొట్టాల్లోకి జారతాయి. పక్కమీద ఇటునుంచి అటు తిరగ్గానే ఇల్లంతా గిర్రున తిరిగినట్టు కావడానికి తరచు కారణం ఇదే.

వీ మొదటి రిమోట్‌లో కుదుపుమీటరు మాత్రమే ఉంది. 2009లో నింటెండో మలుపుమీటరు ఉన్న తోకముక్క ఒకటి విడిగా అమ్మింది, పేరు మోషన్‌ప్లస్. అది తగిలించాక కత్తి ఆటలో కత్తిని ఏ కోణంలో పట్టుకుంటే తెర మీదా అదే కోణంలో కనిపించింది. ఈ రోజు రెండు మీటర్లూ ఒకే చిప్పులో ఒదిగిపోయాయి. మన ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు ప్రాజెక్టుల కోసం హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో కొనుక్కునే ఎంపీయూ-6050 అలాంటిదే. కొన్ని వందల రూపాయల్లో వచ్చేస్తుంది.

కండక్టరు కేక

రెండు మీటర్లూ ఉంటే చెయ్యి ఎక్కడుందో లెక్కకట్టవచ్చు కదా అని తోస్తుంది. కుదుపులన్నీ కూడితే వేగం, వేగాలన్నీ కూడితే దూరం. కాగితం మీద తప్పులేదు. మన ప్రయాణికుడు కళ్ళు మూసుకునే ప్రతి తూలుడునూ లెక్కపెట్టుకుంటూ, "ఇప్పుడు తాడేపల్లి దాటాం, ఇప్పుడు మంగళగిరి వచ్చి ఉంటాం" అని చెప్పబోతే ఏమవుతుందో ఊహించండి. మొదటి మలుపు దాకా బాగానే చెబుతాడు. ఒక్క కుదుపును కొంచెం తక్కువగా అంచనా వేశాడంటే ఆ తప్పు వేగంలోకి ఎక్కుతుంది. తప్పు వేగంతో గడిచిన ప్రతి సెకనూ దూరంలో తప్పును పెంచుకుంటూ పోతుంది.

చిప్పు కొలతలో భూమి లాగుడులో వెయ్యోవంతు తప్పు ఉందనుకుందాం. చాలా చిన్న తప్పు. కూడుకుంటూ పోతే పది సెకన్లకు చెయ్యి అర మీటరు పక్కన ఉన్నట్టు లెక్క తేలుతుంది. ఒక నిమిషానికి 18 మీటర్లు, అంటే చెయ్యి పక్కింట్లో ఉంటుంది. మలుపుమీటరుకూ ఇలాంటి జబ్బే. కదలకుండా పెట్టినా అది నెమ్మదిగా తిరుగుతున్నట్టు చెబుతూ ఉంటుంది. కొన్ని ఆటలు మొదట్లో రిమోట్‌ను బల్ల మీద కాసేపు కదల్చకుండా పెట్టమనేది ఇందుకే. కదలనప్పుడు అది ఎంత అబద్ధం చెబుతోందో చూసుకుని, ఆ మేరకు ఆట తర్వాత తీసివేసుకుంటుంది.

బస్సులో ప్రయాణికుడి లెక్కను సరిచేసేది కండక్టరు. "మంగళగిరి! మంగళగిరి దిగేవాళ్ళు రండి!" అని కేక వినపడగానే అతను తన పాత అంచనా వదిలేసి అక్కడినుంచి మళ్ళీ మొదలుపెడతాడు. ఆటలకూ ఇలాంటి కేకలు కావాలి. వాలు విషయంలో ఆ కేక కుదుపుమీటరే వేస్తుంది. చెయ్యి కాస్త నిలకడగా ఉన్న ప్రతిసారీ "కింద అంటే ఇటు" అని భూమి దిక్కు చూపిస్తుంది. కాబట్టి ప్రోగ్రాము క్షణక్షణం మలుపుమీటరును నమ్ముతూ, మెల్లమెల్లగా కుదుపుమీటరు వైపు ఒరుగుతుంది. విద్యార్థులు రాసే ప్రోగ్రాముల్లో తరచు కనిపించే పాళ్ళు మొదటిదానికి 98, రెండోదానికి 2. ఎవరిని ఎప్పుడు ఎంత నమ్మాలో ఎప్పటికప్పుడు తేల్చుకునే మెరుగైన పద్ధతిని 1960లో రుడాల్ఫ్ కాల్మన్ ప్రచురించాడు. చంద్రుడి మీదకు వెళ్ళిన అపోలో నౌకలు దారి లెక్క చూసుకున్నదీ ఆ పద్ధతితోనే.

ఉత్తరం ఎటో చెప్పడానికి కొన్ని పట్టీల్లో దిక్సూచి చిప్పు కూడా ఉంటుంది. ఇనప బీరువా పక్కన, పెద్ద స్పీకరు పక్కన నిలబడితే అది తప్పు దారి పట్టిస్తుంది. చెయ్యి తెరలో ఏ చోటును చూపిస్తోందో తెలియడానికి వీ వాళ్ళు చేసిన ఏర్పాటు నాకు ఎంతో ఇష్టం. టీవీ కింద ఒక సన్నని పట్టీ పెట్టమంటారు. దాని పేరు సెన్సర్ బార్. ఇంటికొచ్చిన పెద్దలు కెమెరా అనుకునేది దాన్నే. నిజానికి అది దేన్నీ చూడదు. రెండు చివరలా కంటికి కనపడని పరారుణ కాంతినిచ్చే బుల్లి దీపాలున్నాయి, అంతే. చూసేది రిమోట్. దాని ముక్కున ఉన్న కెమెరా ఆ రెండు వెలుగుచుక్కలు తనకు ఎటు కనిపిస్తున్నాయో చూసి తాను ఎటు గురిపెట్టి ఉందో తెలుసుకుంటుంది. ఆ పట్టీ పాడైతే రెండు కొవ్వొత్తులు వెలిగించి పెట్టినా పని జరుగుతుంది.

సోఫాలో కూర్చున్నవాడు

ఇప్పుడు రెండో ప్రశ్న. టెన్నిస్‌లో ఒక దెబ్బ కొట్టినప్పుడు మొదటి వీ రిమోట్ నుంచి ఏం వెళ్తుందో దగ్గరగా చూద్దాం. రిమోట్ సెకనుకు వందసార్లు కబురు పంపగలదు. చెయ్యి నిలకడగా ఉన్నప్పుడు భూమి లాగుడు తప్ప అంకెల్లో ఏమీ ఉండదు. కొట్టడానికి చెయ్యి వెనక్కి తీస్తే ఒక చిన్న అల వస్తుంది. ముందుకు విసరగానే పెద్ద అల లేస్తుంది, బలంగా విసిరితే చిప్పు కొలవగల హద్దును తాకుతుంది. చెయ్యి చివర ఆగినప్పుడు ఇంకో కుదుపు, ఈసారి ఎదురు దిక్కున. మొత్తం సెకనులోపే అయిపోతుంది. ఆటకు అందేది ఈ అలలే. భుజం ఊసు లేదు, నడుము ఊసు లేదు, మనిషి నిలబడ్డాడో కూర్చున్నాడో లేదు.

ఈ అలలను చూసి ఆట ఒక నిర్ణయానికి రావాలి: కొట్టాడా, లేదా? కొడితే ఎప్పుడు, ఎటు, ఎంత గట్టిగా? వెనక్కి తీసిన చేతిని దెబ్బ అనుకుంటే బంతి రాకముందే బ్యాట్ ఊగిపోతుంది. చెయ్యి పూర్తిగా ఆగేదాకా ఆగి నింపాదిగా తేలిస్తే బంతి దాటిపోతుంది. తెర మీద బొమ్మ సెకనుకు 60 సార్లు మారుతుంది, ఆ లెక్కన ఒక్కో బొమ్మకు దొరికే వ్యవధి 17 మిల్లీసెకన్లకు మించదు. అందుకని ప్రోగ్రాము అల సగం లేచేసరికే ఇది దెబ్బే అని తేల్చేసుకుంటుంది. ఒకరు మెల్లగా ఊపుతారు, ఒకరు చటుక్కున ఊపుతారు, ఎడమచేతివాటం వాళ్ళుంటారు, ఏడేళ్ళ పిల్లాడి చెయ్యి వేరు, డెబ్బై ఏళ్ళ ఆవిడ చెయ్యి వేరు. వీళ్ళందరి అలల్లోనూ ఒకే దెబ్బను గుర్తుపట్టడం ఈ రంగంలో అన్నిటికన్నా కష్టమైన పని. చిప్పు తయారీ కన్నా కష్టమని నేనంటాను.

సోఫాలో మణికట్టు విదిలించినవాడి అల కూడా అలాగే లేస్తుంది. మణికట్టు తిరిగిన దూరం తక్కువే, విసురు మాత్రం చటుక్కున వచ్చింది, చిప్పు కొలిచేది విసురునే. ఆట మోసపోయిందని అనిపిస్తుంది గానీ, ఆ ఉదారత తెలిసి పెట్టిందే. వీ టెన్నిస్‌లో ఆటగాడు కోర్టులో పరిగెత్తనక్కర్లేదు, బొమ్మ తనంతట తానే బంతి దగ్గరకు వెళ్తుంది. మనం చెయ్యి ఊపితే చాలు. వృద్ధాశ్రమాల్లో కుర్చీలోంచి లేవలేనివాళ్ళు కూడా వీ బౌలింగ్ ఆడగలిగారంటే దానివల్లే. విచిత్రమేమంటే, మణికట్టు విదిలింపు చాలని తెలిసీ జనం ఒళ్ళంతా పెట్టి ఆడారు. రిమోట్లు చేతిలోంచి జారి ఎగిరి టీవీలకు తగిలాయి. 2006 డిసెంబరుకే కంపెనీ మణికట్టు తాళ్ళను మందం పెంచి మార్చి ఇవ్వవలసి వచ్చింది. తెర మీద బంతి వస్తుంటే మనిషి ఒళ్ళు ఊరుకోదు.

ఎక్కడ కడితే అక్కడి కబురే

సెన్సర్‌కు తాను ఉన్న చోటు తప్ప ఇంకేమీ తెలియదు. కాబట్టి దాన్ని ఎక్కడ కట్టాలన్నదే ఆటను నిర్ణయిస్తుంది. 2019 అక్టోబరులో వచ్చిన రింగ్ ఫిట్ అడ్వెంచర్‌లో ఒక పరికరం ఎడమ తొడకు కట్టుకుంటాం, రెండోది చేతుల్లో పట్టుకునే వంగే రింగుకు తగిలిస్తాం. తొడ చాలా తెలివైన ఎంపిక. ఉన్నచోట పరిగెత్తితే తొడ లేచి దిగుతుంది, గుంజీ తీస్తే తొడ నిలువు నుంచి అడ్డానికి వస్తుంది. ఎంతవరకు కిందికి దిగామో తొడ వాలును బట్టి ఇట్టే తెలిసిపోతుంది. ఈ ఆటలో మణికట్టు విదిలించి తప్పించుకోవడం కుదరదు, గుంజీ తీసి తీరాలి. రింగును నొక్కితే, లాగితే ఎంత బలం పెట్టామో దానిలోని ఇంకో సెన్సర్ చెబుతుంది. అపార్టుమెంట్లలో కింది ఇంటివాళ్ళకు చప్పుడు కాకుండా, పరుగుకు బదులు మోకాళ్ళు వంచితే సరిపోయే పద్ధతి కూడా పెట్టారు.

ఇంకా ఎక్కువ తెలియాలంటే ఇంకా ఎక్కువ చోట్ల కట్టాలి. సోనీ 2023లో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన మోకోపీలో 8 గ్రాముల బిళ్ళలు ఆరు: తలకు, రెండు మణికట్లకు, నడుముకు, రెండు చీలమండలకు. మోచేతులు, మోకాళ్ళ సంగతి కీళ్ళు ఎటు వంగగలవో తెలిసిన ప్రోగ్రాము ఊహించి పూరిస్తుంది. సినిమాల వాళ్ళు వాడే ఎక్స్‌సెన్స్ సూట్‌లో 17 సెన్సర్లుంటాయి, అందులో ఊహకు చోటు తక్కువ. కదలిక దాకా ఆగకుండా కండరం ఆజ్ఞ అందుకున్న క్షణాన్నే పట్టే దారి మరొకటి. కండరం బిగిసేముందు దానిలో సన్నటి విద్యుత్ సంకేతం పుడుతుంది. కెనడాలోని థాల్మిక్ ల్యాబ్స్ 2013లో ప్రకటించిన మయో పట్టీ ఎనిమిది చోట్ల చర్మం మీదనుంచి ఆ సంకేతం విని, పిడికిలి బిగించారో వేళ్ళు చాచారో చెప్పేది. 2018లో అమ్మకం ఆపేశారు గానీ ఆ దారి మూసుకుపోలేదు. చెయ్యి పోగొట్టుకున్నవాళ్ళ మొండి చేతిలోనూ ఆ సంకేతాలు మిగిలే ఉంటాయి. కొన్ని కృత్రిమ చేతులు కదిలేది వాటితోనే.

ఇదంతా ఒంటికి మంచిదా అని తల్లిదండ్రులు అడుగుతారు. 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లివర్‌పూల్ పరిశోధకులు 13 నుంచి 15 ఏళ్ళ పిల్లలు 11 మందిని పరీక్షించి రాశారు. కూర్చుని ఆడే ఆట కన్నా వీ ఆటల్లో సగానికి పైగా ఎక్కువ శక్తి ఖర్చయింది, అసలు మైదానంలో ఆడితే అయ్యేదానికి మాత్రం చాలా తక్కువ. పిల్లలకు మైదానం ఉంటే మైదానానికే పంపండి.

వైద్యంలో మాత్రం లెక్క తేలికగా తెగలేదు. పక్షవాతం వచ్చినవాళ్ళకు చేతి కదలిక తిరిగి తెప్పించడానికి వీ ఆటలు వాడి చూసిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2016లో లాన్సెట్ న్యూరాలజీలో వచ్చాయి. నాలుగు దేశాల్లో 141 మంది రోగులు. మామూలు చికిత్సతో పాటు సగం మంది వీ ఆడారు, మిగతా సగం పేకాట, బింగో, జెంగా లాంటివి ఆడారు. రెండు జట్లూ మెరుగయ్యాయి, వీ వల్ల అదనపు లాభం కనపడలేదు. ఇది చదివి నిరాశపడవలసిన పని లేదనుకుంటాను. బజారు ఆటను ఉన్నదున్నట్టు తెచ్చి రోగి చేతిలో పెడితే సరిపోదని మాత్రమే దీనివల్ల తేలింది.

ఎందుకు సరిపోదో ఊహించడానికి ఈ అధ్యాయంలో చెప్పుకున్నది చాలు. పక్షవాతం వచ్చిన చెయ్యి ఎత్తలేనప్పుడు మనిషి తెలియకుండానే నడుము ముందుకు వంచి, భుజం ఎగరేసి ఆ చేతిని గమ్యం చేరుస్తాడు. మణికట్టుకు కట్టిన సెన్సర్‌కు చెయ్యి లేచినట్టే తెలుస్తుంది, ఆట మార్కులు వేస్తుంది. పక్కన ఫిజియోథెరపిస్టు ఉంటే "నడుము వంచకండి, మోచెయ్యి చాచండి" అని వెంటనే ఆపేవారు. ఆట మెచ్చుకున్నకొద్దీ రోగికి వంకర కదలికే అలవాటవుతుంది. దీనికి మందు అంత కష్టమైంది కాదు. రొమ్ము మీద ఇంకో సెన్సర్ కట్టి, నడుము వంగితే మార్కులు తగ్గించే ఆట రాయాలి.

ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్న పిల్లలు ఏటా మన కాలేజీల్లో చేతి తొడుగులూ పట్టీలూ తయారుచేస్తున్నారు. చాలావరకు బొమ్మ కారును కదిలించి చూపించడంతో ప్రాజెక్టు ముగుస్తుంది. అదే చిప్పుతో, అదే ఖర్చుతో రోగికి పనికొచ్చే ఆట చేయవచ్చు. మీరలాంటి ప్రాజెక్టు తలపెట్టే ముందు మీ జిల్లా ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో అనుమతి తీసుకుని కొన్ని పూటలు కూర్చోండి. చెయ్యి ఎత్తడానికి రోగి ఏయే కండరాలతో సర్దుకుంటున్నాడో థెరపిస్టును అడిగి రాసుకోండి. సెన్సర్ ఎక్కడ కట్టాలో ఆ తర్వాతే నిర్ణయించండి.